పద్నాలుగో ఆవ్రో

నాకు ముక్కు మీద కోపమని పాతవూరు కురుపాం మార్కెట్లో చిన్నా పెద్దా అందరికీ తెలుసు. గడియారాలు బాగుచేసేవాడికి బోలెడు ఓపిక ఉంటుందనుకుంటారు. ఉండే మాట నిజమే. కాని అదంతా గడియారాలకే ఖర్చయిపోయి, మనుషుల దాకా వచ్చేసరికి ఏమీ మిగలదని మా ఆవిడ ఫాతిమా అంటుంది. ఆవిడ మాటలు చాలా వాటికి నేను ఒప్పుకోను గాని, దీనికి మాత్రం ఒప్పుకుంటాను.

నా పేరు నిసార్. నాకు విమానాల పిచ్చి. ఎక్కే పిచ్చి కాదు, ఇంతవరకు ఒక్కసారి కూడా ఎక్కలేదు. చూసే పిచ్చి. డెబ్బై నాలుగులో ఒక పెద్దమనిషి రిపేరుకిచ్చిన గడియారం పట్టుకుని ఎయిర్‌పోర్టుకు పరిగెత్తాల్సి వచ్చింది. ఆయన హైదరాబాదు వెళ్లిపోతున్నాడు. గడియారం ఆయన చేతిలో పెట్టి, వచ్చిన పని అయిపోయినా కంచె బయట నిలబడ్డాను. రెండు పంకాల ఆవ్రో విమానం. ఇంత చప్పుడు చేసుకుంటూ పరుగు తీసి, ఇక లేవదేమో అనుకునే సమయానికి నేలను వదిలింది. దాని తోక మీద అయిదు అక్షరాలున్నాయి. మర్నాడు ఉండబట్టలేక మళ్లీ వెళ్లాను. వచ్చింది అచ్చం అలాంటిదే, కాని ఆఖరి అక్షరం వేరు. అంటే ఇది నిన్నటిది కాదు. గడియారాలూ అంతే కదా. ఒకే కంపెనీ, ఒకే మోడలు, వెనక మూత మీద నంబరు మాత్రం దేనిది దానిదే. ఆ సాయంత్రమే లాంగ్‌సైజు నోటుపుస్తకం ఒకటి కొన్నాను.

అప్పటినుంచి వారానికి మూడు నాలుగు రోజులు మధ్యాహ్నం షాపుకు తాళం వేసి, సైకిలు మీద ఎయిర్‌పోర్టుకు వెళ్లేవాణ్ణి. తేదీ, దిగిన వేళ సెకన్లతో సహా, తోక మీది అక్షరాలు, గాలి ఎటునుంచి ఎటో. అంతే రాసేవాణ్ణి. నేవీవాళ్ల విమానాలూ హెలికాప్టర్లూ అదే రన్‌వే మీద దిగేవి గాని వాటి జోలికి పోలేదు. యుద్ధమప్పుడు కిటికీలకు నల్లకాగితాలు అంటించుకుని కూర్చున్న ఊరు మాది. ఏది రాయకూడదో ఒకరు చెప్పక్కర్లేదు. నాకు నేను పెట్టుకున్న నియమం ఇంకొకటి ఉంది. నా కళ్లతో చూడనిది నా పుస్తకంలోకి ఎక్కదు. ఎవరు చెప్పినా ఎక్కదు.

కంచె పక్కన, రోడ్డు మలుపులో, నారాయణమ్మ వేరుశెనక్కాయలు ఉడకబెట్టి అమ్మేది. స్టీల్ ప్లాంటుకు పొలం పోయాక మొగుడితో కలిసి మల్కాపురం వచ్చి చేరింది. ఆయన పోర్టులో కూలి. ఈమెకు ఒక గంప, ఒక కుంపటి, పొట్లాలకు పాత పేపర్లు. నాకంటే పదిహేనేళ్లు పెద్ద. నేను పిన్నీ అనేవాణ్ణి, ఆమె గడియారం బాబూ అనేది. వాన పడినా, గాలి లేచినా నా పుస్తకం తీసుకుని గంపలో పేపర్ల కింద పెట్టేది. రానురాను వాన లేకపోయినా అక్కడే పెట్టడం అలవాటైంది. రాసేటప్పుడు తీసుకునేవాణ్ణి, రాసి మళ్లీ అక్కడే పెట్టేవాణ్ణి.

ఆమెకు చదువు రాదు. కాని ఏళ్ల తరబడి నా పక్కన కూర్చుని చూసీ చూసీ, ఆఖరి అక్షరాలన్నింటికీ తన పేర్లు తను పెట్టుకుంది. జె అక్షరం గేలం. హెచ్ అక్షరం నిచ్చెన. ఓ అక్షరం గారె.

"ఏటి బాబూ, ఇయ్యాల గేలం వచ్చినట్టుందే. మొన్న వచ్చింది కదేటి," అనేది నేను కళ్లద్దాలు తుడుచుకునే లోపల. సరిగ్గానే చెప్పేది. అదే నాకు కొంచెం కష్టంగా ఉండేది.

ఒకసారి మా చెల్లెలి పెళ్లికి తగరపువలస వెళ్లి నాలుగు రోజులు రాలేదు. తిరిగొచ్చాక నారాయణమ్మ ఎంతో సంబరంగా వేళ్లు మడిచి చెప్పింది. మొదటి రోజు నిచ్చెన, రెండో రోజు గారె, మూడో రోజు రాలేదు, నాలుగో రోజు మళ్లీ నిచ్చెన. నేను పుస్తకం తియ్యలేదు.

"రాసుకోవేటి?" అంది.

"నువ్వు చూస్తే లెక్కలోకి రాదు పిన్నీ. నేను చూడాలి," అన్నాను.

ఆమె ఏమీ అనుకోలేదు. అనుకుందేమో, పైకి కనిపించలేదు. కుంపటి ఊదుకుంటూ కూర్చుంది.

నా లెక్క ప్రకారం మన దారిలో తిరిగే ఆవ్రోలు పద్నాలుగు. ఎనభై అయిదు నాటికి పదమూడు చూశాను. ఆర్ అక్షరం ఒక్కటే మిగిలింది. పదకొండేళ్లలో అది మన ఊరు రాలేదు, లేదా వచ్చిన రోజున నేను గడియారం ముందు కూర్చుని ఉన్నాను. రెండోది తలుచుకుంటే నాకు అన్నం సహించేది కాదు. ఫోకర్లు వచ్చాయి, బోయింగులు వచ్చాయి, ఆవ్రోలు ఒక్కొక్కటే తగ్గిపోతున్నాయి. అది ముసలిదై మూలపడేలోగా చూస్తానా చూడనా అన్నదే నా బెంగ.

"మరా మిగిలిందేటి, అదెలగుంటాది?" అని నారాయణమ్మ ఒక రోజు అడిగింది. పుల్లతో మట్టిలో పెద్దగా ఆర్ రాసి చూపించాను. తల అటూ ఇటూ వంచి చూసింది.

"బొజ్జ ముందుకేసి కాలు సాపినోడిలాగున్నాడు," అంది. ఇంకాసేపు చూసి, "ఇది సగమే కదేటి. మిగతా సగం ఎవులేత్తారు?" అంది.

"అది అంతే పిన్నీ. ముగ్గు కాదది."

"బాగునేదు," అని తేల్చేసింది. ముగ్గు వేసే చేతికి ఒక పక్క గీసి రెండో పక్క వదిలేస్తే మనసొప్పదు మరి.

ఎనభై అయిదు జూన్‌లో ఎక్కడో దూరాన, సముద్రం మీద, మన దేశపు విమానం ఒకటి గాలిలోనే పేలిపోయింది. మూడు వందల పైచిలుకు మనుషులు. ఆ పేపరు చదివి ఆ రోజు నేను ఒక్క గడియారం మూత కూడా తియ్యలేకపోయాను. ఆ తర్వాత మా ఎయిర్‌పోర్టు మారిపోయింది. విమానాలు చూసేవాళ్ల కోసం ఉన్న మేడకు తాళం పడింది. పెట్టెలన్నీ విప్పి చూస్తున్నారు. కంచె వెంట గోడ కట్టడానికి రాళ్లు దింపారు. తప్పని నేననను. అన్ని ప్రాణాలు పోయాక ఎవరైనా తలుపులు వేసుకుంటారు. కాని తలుపుకు ఏ పక్కన మిగిలిపోయానో నాకు అప్పుడు తట్టలేదు.

గేటు దగ్గర కానిస్టేబులు జగ్గయ్యకు తట్టింది. మంచివాడు, అతని గడియారం రెండుసార్లు ఊరికే బాగుచేశాను. "కొన్నాళ్లు ఇటు రావొద్దు సాయిబుగారూ. కొత్త ఇన్‌స్పెక్టరు వచ్చినాడు. కంచెకాడ ఎవులు నిలబడినా అడుగుతన్నాడు," అన్నాడు.

వింటే నేను నేనెందుకవుతాను. పదకొండేళ్లుగా వస్తున్నాను, దొంగతనానికి రాలేదు, ఎవరడిగినా పుస్తకం చూపిస్తాను, అందులో దాచుకోవాల్సింది ఏముంది, అని అతని మీదే విరుచుకుపడ్డాను. జగ్గయ్య తల గోక్కుని వెళ్లిపోయాడు.

జూలై రెండో వారంలో, విమానం దిగడానికి ఇంకా అరగంట ఉందనగా, జీపు వచ్చి నారాయణమ్మ గంప ముందు ఆగింది. నేనప్పుడు రోడ్డుకు అవతల పంపు దగ్గర నీళ్లు తాగుతున్నాను. నలభై అడుగుల దూరం. ఇన్‌స్పెక్టరు దిగాడు, వెనక జగ్గయ్య, ఇంకో ముగ్గురు.

"ఇక్కడ ఎవడో నిలబడి విమానాల టైములు రాసుకుంటున్నాడట. పాతవూరి మనిషట. నువ్వు రోజూ ఇక్కడే ఉంటావుగా, ఎవడు?" అని నారాయణమ్మను అడిగాడు.

నేను అప్పుడు రోడ్డు దాటి వెళ్లి, నేనేనండీ, పుస్తకం ఇదిగో, అనాలి. జగ్గయ్యతో అంత గట్టిగా చెప్పినవాణ్ణి కదా. కాని ఆ మనిషి గొంతు విన్నాక నా కాళ్లు కదల్లేదు. పాతవూరి మనిషట, అన్న మాటలో ఏముందో నాకు తెలుసు. ఆ రోజుల్లో ఆ పుస్తకంతో, నా పేరుతో, ఆ జీపు ఎక్కితే మళ్లీ ఎప్పుడు దిగుతానో తెలియదు. చేతిలో నీళ్లు చేతిలోనే ఉన్నాయి.

"నాకేటి తెలుస్తాది బాబూ. బస్సుకోసం సానామంది నిలబడతారు. కాయలు తింటారు, ఎల్లిపోతారు," అంటూ నారాయణమ్మ గంపలో చెయ్యి పెట్టింది. "ఏడిగా ఉన్నాయి, తినండి."

పేపర్ల కిందనుంచి తీసింది. నా పుస్తకం ఒళ్లో పెట్టుకుని, కొంగు కప్పి, ఒక కాగితం చర్రున చింపింది. గుండ్రంగా చుట్టి, అడుగు మడిచి, ఆవిరి కక్కుతున్న కాయలు పోసి ఇన్‌స్పెక్టరు చేతికిచ్చింది. ఇంకోటి చింపింది, జగ్గయ్యకు. ఇంకోటి, ఇంకోటి. బస్సు దిగినవాళ్లకు ఇచ్చింది. పిలిచి మరీ ఇచ్చింది. డెబ్బై నాలుగు పోయింది, డెబ్బై అయిదు పోయింది. జనం వాటిని తింటూ నడిచి వెళ్లిపోతున్నారు.

ఇన్‌స్పెక్టరు కాయ ఒలుస్తూ కాగితం వైపు చూశాడు. "ఏమిటిది?"

"సిత్తు కాగితాలు బాబూ. సదువు రాదు నాకు. ఏటైనా రాసుందేటి?"

ఉడికిన కాయల తడికి నా సిరా కరిగిపోయి ఆయన వేళ్లకు నీలంగా అంటుకుంది. ఆయన విసుక్కుని రుమాలుతో తుడుచుకున్నాడు. కానిస్టేబులు చేత గంప తిరగవేయించాడు. పాత పేపర్లు తప్ప ఏమీ దొరకలేదు. మిగిలిన కాగితాలూ, అట్టా, అంతకుముందే కుంపటిలోకి వెళ్లాయి. అట్ట మండుతుంటే ఆమె విసనకర్రతో విసురుతోంది. జగ్గయ్య పొట్లం నలిపి జేబులో పెట్టుకున్నాడు. నా వైపు ఒక్కసారి కూడా చూడలేదు.

జీపు వెళ్లాక రోడ్డు దాటాను. ఆ సమయంలో ఎవరైనా కాళ్ల మీద పడతారు. నేను ఏమన్నానో రాయడానికి ఇప్పటికీ సిగ్గేస్తుంది.

"పదకొండేళ్లు. పొట్లాలు కట్టి పంచిపెట్టేశావు. అక్షరం ముక్క రానిదానివి, అందులో ఏముందో నీకేం తెలుసు?"

"పుస్తకం ఇంకోటి కొనుక్కుంటావు బాబూ," అంది మెల్లిగా. "నిన్నట్టుకెల్లిపోతే నీ పెళ్లానికి నానేటి సెప్పాల?"

"నిన్ను అడిగానా నన్ను కాపాడమని?" అన్నాను.

ఆమె బూడిద కదుపుతూ కూర్చుంది. అప్పుడే నా వెనక విమానం దిగుతున్న చప్పుడు వినిపించింది. తిరిగి చూడకుండా సైకిలెక్కాను.

నన్ను కాపాడిందని నాకు తెలియక కాదు ఆ కోపం. తెలిసే. నలభై అడుగుల దూరంలో నిలబడి నోరు మెదపలేని మగవాణ్ణి ఆమె చూసింది. పుస్తకం పోయిన బాధ కంటే అదే నన్ను ఎక్కువ మండించింది. ఈ ముక్క ఒప్పుకోవడానికి నాకు అయిదు నెలలు పట్టింది. ఆ అయిదు నెలలూ ఎయిర్‌పోర్టు వైపు వెళ్లలేదు. మధ్యాహ్నం షాపు మీదుగా ఆవ్రో పోతే చప్పుడును బట్టి తెలిసేది, తల ఎత్తేవాణ్ణి కాదు. షాపు మూయడం మానేశానని ఫాతిమా మొదట సంతోషించింది. తర్వాత, "పోనీ ఒకసారి వెళ్లి చూసి రాకూడదూ," అని తనే అనడం మొదలుపెట్టింది. ఇంట్లో నా నస అలా ఉండేదన్నమాట. గోడ కట్టడం అయిపోయిందని, మనిషెత్తు దాటిందని ఎవరో చెప్పారు. మంచిదే, ఇక ఆశ కూడా లేదు, అనుకున్నాను.

డిసెంబరు వచ్చింది. నెలగంట పెట్టారు. పొద్దున్నే షాపుకు వచ్చే దారిలో ప్రతి వాకిట్లోనూ ముగ్గులే, సైకిలు ఎటు నడపాలో తెలిసేది కాదు. ఆ రోజు వచ్చేసరికి నా షాపు ముందు నాపరాళ్ల మీద కూడా ఒక ముగ్గుంది. బారెడు వెడల్పు, చుట్టూ చుక్కలు, మధ్యలో రెండు బొజ్జలూ రెండు కాళ్లూ అటొకటి ఇటొకటి సాగి, పువ్వో పురుగో తెలియని ఆకారం. చూడగానే ఒళ్లు మండింది. సాయిబు షాపు ముందు ముగ్గేసి నవ్వుకుంటున్నారు ఎవరో ఆకతాయిలు, అనుకున్నాను. ముగ్గు తొక్కకుండా పక్కనుంచి లోపలికి వెళ్లి, తాళం గూట్లో పెట్టి, బిందెడు నీళ్లు తెచ్చి గుమ్మంలోంచి విసురుగా పోశాను. ఒక పక్క సగం కొట్టుకుపోయింది. రెండో సగానికి నీళ్లు చాలలేదు.

పక్కన టోపీల కొట్టు హుస్సేన్ బాషా కాపురం కొట్టు వెనకే. అప్పుడే చెక్కలు తీస్తున్నాడు. "అరే, ఎందుకు భాయ్ కడిగేశావ్?" అన్నాడు. "పొద్దున్నే ఒక పెద్దావిడ వచ్చి ఎంత కష్టపడి వేసిందో. పూర్ణా మార్కెట్టుకు వేరుశెనక్కాయలు కొనడానికి వచ్చిందట, నెత్తి మీద ఖాళీ గంప. నీ కోసం చూసి చూసి, టైమైపోతోందని వెళ్లిపోయింది. నువ్వొస్తే ఏమైనా చెప్పాలా అంటే, చెప్పక్కర్లేదు, చూస్తే తెలుస్తుంది అంది."

ఖాళీ బిందె పట్టుకుని వీధిలోకి దిగాను. వెనక్కి తిరిగి, ఆమె ఎక్కడ నిలబడి వేసిందో అక్కడ నిలబడి చూశాను. కడిగేసిన సగం తడి రాయి. మిగిలిన సగం, బొజ్జ ముందుకేసి కాలు చాపినవాడు. ఆర్.

చదువు రాని మనిషి దాన్ని కళ్లతో పట్టుకుని, మల్కాపురం నుంచి ఇంత దూరం మోసుకొచ్చింది. మోసుకొచ్చి, అలవాటు చొప్పున రెండో సగం కూడా వేసి నిండుగా చేసి, నా గుమ్మం ముందు పెట్టింది. అక్షరం ముక్క రానిదానివని నేనన్న మాట నాకు అప్పుడు తిరిగొచ్చి తగిలింది. కళ్లనీళ్లు తిరిగాయి. హుస్సేన్ బాషా చూడనట్టు టోపీలు సర్దుకున్నాడు.

మధ్యాహ్నం షాపు మూసి సైకిలెక్కాను. గోడ నిజంగానే మనిషెత్తు దాటింది. బయట నిలబడితే ఆకాశం తప్ప ఏమీ కనిపించదు. నారాయణమ్మ మాత్రం కొత్త గేటు లోపల, నీడలో, గంప ముందు కూర్చుని ఉంది. కానిస్టేబుళ్లకు కాయలు కావాలి కదా. ఆమెను బయటికి పంపాలని ఎవరికీ తోచినట్టు లేదు. అక్కడినుంచి రన్‌వే అంతా కనిపిస్తుంది. జగ్గయ్య నన్ను చూసి గేటు ఊచల దాకా రానిచ్చాడు.

"ముగ్గు సూసినావా బాబూ?" అంది నారాయణమ్మ.

"చూశాను పిన్నీ. ఆ రోజు నేనన్న మాటలు..."

"కాయలు తిను, సల్లారిపోతాయి," అని ఊచల మధ్యనుంచి పొట్లం అందించింది. "అదే కదా? కాలు సాపినోడు?"

"అదే. ఎప్పుడు దిగింది?"

"మొన్న సోమారం. గుమ్మంకాడ రంగు పోయింది దానికి, ముసిల్ది అయిపోయినాది. మళ్లీ వత్తాదో రాదోనని సెప్పీడానికి వచ్చినాను."

"ఎన్ని గంటలకు?"

"నాకు గంటలేటి తెలుస్తాయి బాబూ. ఎండ గోడ దాటి నా గంప మీదకొచ్చినప్పుడు." నా ఖాళీ చేతులు చూసింది. "పుస్తకం తేనేదు కదా. మంచి పని సేసినావు. తెత్తే మళ్లీ సింపేత్తాను."

ఆమె నవ్వలేదు. నిజంగానే చింపేస్తుందని నాకు తెలుసు. పొట్లం ఖాళీ అయ్యేదాకా ఊచలు పట్టుకుని అక్కడే నిలబడ్డాను. వచ్చే వారం కాయలు కొనడానికి వచ్చినప్పుడు షాపు తెరిచేదాకా ఉండమని చెప్పాను, స్టూలు వేయిస్తానన్నాను. చూసినవన్నీ వరసగా చెప్పమన్నాను. సరేనంది.

తిరిగొచ్చే దారిలో కొత్త నోటుపుస్తకం కొన్నాను. షాపులో కూర్చుని, గోడ మీద పదహారు గడియారాలు నడుస్తుండగా, మొదటి పేజీలో మొదటి వరస రాశాను.

సోమవారం. ఆవ్రో, ఆఖరి అక్షరం ఆర్. దిగిన వేళ, ఎండ గంప మీదికి వచ్చినప్పుడు. చూసినది నారాయణమ్మ.